ధూళికట్టలో బుద్ధుడు నవ్వలేదు



అణుబాంబు గురించి మాట్లాడమంటే ఈయన వడ్ల కుప్ప కాడ మొదలుపెట్టాడేమిటని అనుకోకండి. ఈ ముచ్చట నాకు తగులుకున్నది అక్కడే.

2025 మే నెల. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల ముందు కుప్పలు పోసి ఉన్నాయి. పెద్దపల్లి పక్కన ఒక ఊళ్లో, ఊరి పేరు వద్దులెండి, మా చుట్టపాయన కుప్ప కాడికి పోయి కూర్చున్నాను. తేమ మిషన్ పట్టుకొని ఒక పిల్లగాడు వచ్చాడు. కుప్ప నడిమిట్లో చెయ్యి పెట్టి పిడికెడు గింజలు తీశాడు, మిషన్లో పోశాడు. పద్దెనిమిది చిల్లర చూపించింది. పదిహేడు దాటితే కాంటా పెట్టరు. "ఇంకో రెండు పూటలు ఆరబెట్టుండ్రి పెదబాపూ" అన్నాడు. వాని తప్పేం లేదు, రూలే అది.

మా చుట్టపాయన సింగరేణిలో బొగ్గు తవ్వి రిటైరైన మనిషి. ఆయన జవాబు చెప్పకుండా పక్క కుప్ప దిక్కు చూశాడు. అక్కడ తూకం అవుతున్నది. సంచికి నలభై కిలోలు తూగినంక కూడా పైన ఇంకిన్ని గింజలు పోస్తున్నారు. ఏందంటే తరుగు అన్నారు. అప్పుడు నోరు విప్పాడు: "నా వడ్లకు మిషన్ పెట్టినవు, మంచిగనే ఉన్నది బిడ్డా. మరి నీ కాంటకు మిషన్ ఎవడు పెడ్తడు?"

పిల్లగాడు మిషన్ సంచిలో పెట్టుకొని పక్క కుప్పకు పోయాడు.

హమాలీల్లో ఒకరి ఫోన్లో వార్తలు నడుస్తున్నాయి. సరిహద్దులో కాల్పులు ఆగి మూడు రోజులైంది. అణు బెదిరింపులకు భారత్ లొంగదని ప్రధాని మే 12 రాత్రి చెప్పిన మాటనే తిప్పి తిప్పి చూపిస్తున్నారు. ఆ హమాలీ పిల్లగాడు సంచి దించి అడిగాడు: "కాకా, పాకిస్తానోని కాడ బాంబు ఉంటే బెదిరింపు. మన కాడ ఉంటే రక్షణ. మరి అమెరికోని కాడ ఉంటే ఏమంటరే?"

"దాన్ని చట్టం అంటరు తమ్మీ" అన్నాడు మా చుట్టపాయన.

అందరం నవ్వినం. ఇంటికొచ్చినంక ఆ నవ్వు పోయింది గానీ ఆ మాట పోలేదు. కాంటాకు మిషన్ ఎవడు పెడతాడన్న మాటా, ఈ మాటా ఒకటే కదా అనిపించింది.

ఆ చట్టం పేరు అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం. పొట్టిగా ఎన్‌పీటీ అంటారు. 1968 జూలై 1న దేశాల ముందు సంతకాలకు పెట్టారు, 1970 మార్చి 5 నుంచి అమలు. ఒప్పందమంతా ఒక తేదీ మీద నిలబడి ఉంది. 1967 జనవరి 1. ఆ రోజుకు ముందు బాంబు తయారు చేసి పేల్చిన దేశం అణ్వస్త్ర దేశం. ఆ తర్వాత ఎవరు పేల్చినా కాదు. అంతే. అమెరికా 1945లో, సోవియట్ యూనియన్ 1949లో, బ్రిటన్ 1952లో, ఫ్రాన్స్ 1960లో, చైనా 1964లో పేల్చాయి. పెద్దపల్లి జంక్షన్లో నిలబడి రైళ్లు చూసిన మనకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1964 అక్టోబర్లో ఉరుక్కుంటూ వచ్చిన చైనాకు ఆఖరి బెర్తు దొరికింది. 1974లో వచ్చిన మనకు ప్లాట్‌ఫారం మిగిలింది. బండి ఎక్కిన ఐదుగురే భద్రతా మండలిలో వీటో ఉన్న ఐదుగురు కూడా.

తనిఖీల సంగతి ఇంకా చిత్రం. బాంబు లేని దేశం తన అణు కేంద్రాలన్నీ వియన్నాలో ఉండే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇన్‌స్పెక్టర్లకు తెరిచి చూపాలి. బాంబు ఉన్న ఆ ఐదు దేశాలు తమకు ఇష్టమైనవాటినే చూపుతాయి. తేమ మిషన్ మన కుప్పకు, కాంటా మాత్రం వాళ్లది.

దీనికి బదులుగా ఆ ఐదు దేశాలూ ఒక మాట ఇచ్చాయి. ఒప్పందం ఆరో అధికరణంలో ఉంది: ఆయుధాలు తగ్గించుకొని పూర్తి నిరాయుధీకరణ దిశగా చిత్తశుద్ధితో చర్చలు జరుపుతామని. ఏమీ చేయలేదని అనను. 1980ల నడిమికి ప్రపంచంలో అరవై వేలు దాటిన అణ్వాయుధాలు, స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ లెక్క ప్రకారం, 2025 జనవరి నాటికి 12,241కి దిగాయి. అందులో దాదాపు పదింట తొమ్మిది వంతులు రష్యా, అమెరికాల దగ్గరే. చైనా దగ్గర 600, మన దగ్గర 180, పాకిస్తాన్ దగ్గర 170. ఇజ్రాయెల్ దగ్గర 90 ఉన్నాయని అంచనా. ఆ దేశం ఉన్నాయని చెప్పదు, లేవనీ చెప్పదు, అడిగేవాడూ లేడు. మన పెద్దలు అనే ఒక కంట వెన్న, ఒక కంట సున్నం ఇదే.

కాబట్టి ద్వంద్వ నీతి అని మనం చేసే ఫిర్యాదు నిజమే. దానితో నాకు పేచీ లేదు. ఫిర్యాదు చేసినవాడు తర్వాత ఏం చేశాడన్నదే నా పేచీ. అది చెప్పాలంటే మంథని పోవాలి.

మంథని ఇప్పుడు మన పెద్దపల్లి జిల్లాలోదే. గోదావరి ఒడ్డున వేదం చదివిన ఊరు. 1957 నుంచి 1977 దాకా ఇరవై ఏండ్లు ఆ ఊరికి ఎమ్మెల్యే పి.వి. నరసింహారావు. ఆ రోజుల్లో ఆయన్ను చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పేది ఒక్కటే: మనిషి ఎక్కువ మాట్లాడడు. ఆ మాట్లాడని మనిషే 1991లో ప్రధాని అయ్యాడు. ఆర్థిక సంస్కరణల గురించి మనకు తెలుసు, పదేపదే విన్నాం. బాంబు సంగతి మాత్రం ఆయన పోయినదాకా బయటికి పూర్తిగా రాలేదు.

1995 అనే ఒక్క ఏడాదిని తీసుకోండి. మే 11న న్యూయార్క్‌లో ఎన్‌పీటీని గడువు లేకుండా శాశ్వతం చేశారు. ఇరవై ఐదేండ్లకు ఒప్పుకున్న తేడా కాస్తా కలకాలపు తేడా అయింది. మనం సంతకం చేయలేదు. చేయకపోవడం సరైనదే అని నేను ఇప్పటికీ అంటాను. ఆ ఏడాదే హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందు ఒక ప్రశ్న ఉంది: అణ్వాయుధం వాడటం, వాడతానని బెదిరించడం చట్టబద్ధమేనా? పీవీ ప్రభుత్వం రాతపూర్వకంగా జవాబు పంపింది. వాడటం చట్టవిరుద్ధమని, ఎదుటివాడు ముందు వేసినా తిరిగి వేయడం కూడా చట్టవిరుద్ధమేనని అందులో వాదించింది. ఇంత గట్టి మాట బాంబు ఉన్న దేశమేదీ చెప్పదు. చెప్పగలిగినందుకు గర్వపడొచ్చు.

అదే ఏడాది డిసెంబర్. రాజస్థాన్ ఎడారిలో పోఖ్రాన్ దగ్గర షాఫ్టులు సిద్ధమవుతున్నాయి. అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. డిసెంబర్ 15న న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అమెరికా రాయబారి ఢిల్లీలో అధికారుల ముందు ఫొటోలు పెట్టాడు. పీవీ ఆపేశాడు. 1996 మేలో ఓడిపోయి దిగిపోతూ, శాస్త్రవేత్త అబ్దుల్ కలాంను కొత్త ప్రధాని వాజపేయి దగ్గరికి పంపి సంగతులన్నీ చెప్పించాడు. ఈ మాట కలామే తర్వాత బహిరంగంగా చెప్పాడు. 2004 డిసెంబర్ 23న పీవీ పోయినప్పుడు వాజపేయి ఇంకో అడుగు ముందుకేసి, అణు కార్యక్రమానికి అసలు తండ్రి ఆయనేనని, సామగ్రి అంతా సిద్ధంగా ఉందని తనకు చెప్పి పోయాడని అన్నాడు.

అంటే 1995లో మంథని మనిషి ఒక చేత్తో హేగ్‌కు కాగితం పంపాడు, ఇంకో చేత్తో పోఖ్రాన్ షాఫ్టులోకి తీగ దింపాడు. రెండు చేతులూ ఒకే మనిషివి. ఆయనకు రెండూ అవసరమే అనిపించి ఉంటుంది. ఉత్తరాన చైనా బాంబు, పడమర పాకిస్తాన్ బాంబు, మధ్యలో ఎన్‌పీటీ తలుపు శాశ్వతంగా మూసుకుంటున్నది. నేను ఆయన కుర్చీలో కూర్చోలేదు. కానీ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివిన రోజు, ద్వంద్వ నీతి అనే మాట పరాయి దేశం మీదికి విసరడానికి చేతులు కొంచెం బరువెక్కాయి.

న్యాయస్థానం 1996 జూలై 8న అభిప్రాయం చెప్పింది. అణ్వాయుధాలు వాడటం, బెదిరించడం సాధారణంగా అంతర్జాతీయ చట్టానికి విరుద్ధం అంది. దేశం ఉనికే పోయే పరిస్థితిలో మాత్రం ఏమిటన్నది తేల్చలేనంది. నిరాయుధీకరణ చర్చలు జరపడమే కాదు, వాటిని ఒక కొలిక్కి తేవాల్సిన బాధ్యత ఉందని ఏకగ్రీవంగా అంది. తీర్పు కాదు, సలహా. కోర్టు సలహాకు కాంటా పట్టినవాళ్లు ఎంత విలువిస్తారో మీకు తెలియంది కాదు.

ఇంకా వెనక్కి, 1974కు పోదాం. ఎందుకంటే మన లెక్కల్లో మొదటి తిరకాసు అక్కడే ఉంది.

మే 18న పోఖ్రాన్‌లో పేలింది. దానికి నవ్వే బుద్ధుడని పేరు. ఆ రోజు బుద్ధ పూర్ణిమ అని పుస్తకాల్లో, పేపర్లలో రాస్తూనే ఉన్నారు. పంచాంగం తిరగేస్తే ఆ ఏడు మే నెల పున్నమి 6వ తేదీనే వెళ్లిపోయింది. 18 నాటికి అమావాస్య దగ్గరపడింది. 1998 మే 11న రెండోసారి పేల్చినప్పుడు మాత్రం నిజంగానే వైశాఖ పున్నమి. చిన్న సంగతే. కానీ బాంబుకు పుణ్యతిథి అంటగట్టాలన్న తొందర మనకు ఎంత ఉందో చెప్పే సంగతి.

1974లో వాడిన ప్లుటోనియం ట్రాంబేలోని సైరస్ రియాక్టర్ నుంచి వచ్చింది. ఆ రియాక్టర్‌ను కట్టడానికి సాయం చేసింది కెనడా, భారజలం ఇచ్చింది అమెరికా. శాంతి పనులకే వాడాలన్న షరతు మీద ఇచ్చారు. మనం పేల్చి, ఇది శాంతియుత అణు విస్ఫోటనం అన్నాం. అంటే ఇచ్చిన మాటను తీసెయ్యలేదు, దాని అర్థాన్ని కొంచెం జరిపాం. సంచి మీద ఇంకిన్ని గింజలు పోసి తరుగు అన్నట్టు. కెనడా సాయం ఆపేసింది. ఆ పేలుడుకు భయపడి ఏర్పడ్డదే అణు సరఫరాదారుల బృందం.

ఇక్కడ మన పెద్దపల్లి జిల్లా ఇంకోసారి అడ్డమొస్తుంది. ఎలిగేడు మండలంలో ధూళికట్ట ఉంది. శాతవాహనుల కాలం నాటి మట్టికోట, పక్కన బౌద్ధ స్తూపం. 1970ల్లోనే అక్కడ తవ్వకాలు జరిగాయి. సున్నపురాయి పలకల మీద ముచిలిందుడనే నాగరాజు పడగలు విప్పి ఉంటాడు. జ్ఞానోదయం తర్వాత బుద్ధుడు ధ్యానంలో ఉండగా వాన వస్తే, ఆ నాగు చుట్టలు చుట్టుకొని పైన పడగ పట్టిందని కథ. దొరికిన వస్తువుల్లో కొన్ని కరీంనగర్ మ్యూజియంకు చేరాయి.

ఆ తొలి కాలపు శిల్పులకు ఒక నియమం ఉండేది. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కాదు. పాదాలు, గొడుగు, ఖాళీ ఆసనం, ధర్మచక్రం. చూసేవాడే ఆ ఖాళీలో బుద్ధుణ్ణి ఊహించుకోవాలి. ముఖమే లేనప్పుడు ఇక నవ్వెక్కడిది? రెండు వేల ఏండ్ల కింద మన మట్టిలో ఒక శిల్పి బుద్ధుడి మొహం చెక్కడానికి జంకాడు. మనం ఆయన మొహానికి ఒక నవ్వు అతికించి, ఆ నవ్వును ఎడారిలో పేల్చాం. అది తెలివైన పేరని నేనూ చిన్నప్పుడు సంబరపడ్డాను. ఇప్పుడు ఆ పేరు విన్నప్పుడల్లా ధూళికట్ట రాయి గుర్తొస్తుంది.

1998 తర్వాత ఏమైంది? మే 11న మూడు, 13న రెండు పేల్చాం. మే 28, 30 తేదీల్లో పాకిస్తాన్ పేల్చింది. జూన్ 6న భద్రతా మండలి 1172 నంబరు తీర్మానంతో ఇద్దరినీ మందలించింది. మందలించిన కుర్చీల్లో ముందు కూర్చున్నది ఆ ఐదుగురే. ఆంక్షలు వచ్చాయి, 2001 సెప్టెంబర్లో అమెరికా అవసరం మారగానే ఎత్తేశారు. అప్పట్లో మన విదేశాంగం వాడిన మాట అణు వర్ణవివక్ష. ప్రపంచాన్ని బాంబున్న అగ్రవర్ణం, బాంబులేని నిమ్నవర్ణం అని చీల్చారని. మన దేశంలో పుట్టినవాళ్లకు ఆ పోలిక బలంగానే తగులుతుంది.

తర్వాత పదేండ్లకు, 2008 సెప్టెంబర్ 6న, వియన్నాలో అణు సరఫరాదారుల బృందం మనకు మాత్రమే ఒక మినహాయింపు ఇచ్చింది. ఎన్‌పీటీ మీద సంతకం లేకున్నా యురేనియం కొనుక్కోవచ్చు, రియాక్టర్లు తెచ్చుకోవచ్చు. మన పేలుడుకే పుట్టిన బృందం, ముప్పై నాలుగేండ్లకు మనకే తలుపు తీసింది. నిజంగా చిత్రమైన రోజు అది. ఆ మినహాయింపు ద్వంద్వ నీతి కాదా? ఇరాన్‌కు లేనిది, పాకిస్తాన్‌కు ఇవ్వనిది మనకు ఇచ్చారు. మనకు అనుకూలంగా ఉన్నది కాబట్టి దాన్ని మనం గుర్తింపు అన్నాం. 2016లో సియోల్‌లో పూర్తి సభ్యత్వానికి చైనా అడ్డుపడగానే మళ్లీ ద్వంద్వ నీతి గుర్తొచ్చింది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది 2017. ఆ ఏడు జూలై 7న ఐక్యరాజ్యసమితిలో 122 దేశాలు అణ్వాయుధాలను పూర్తిగా నిషేధించే ఒప్పందానికి ఓటేశాయి. ఇందులో అగ్రవర్ణం, నిమ్నవర్ణం లేవు. 1967 జనవరి 1 లాంటి తేదీ లేదు. అందరికీ ఒకటే కాంటా. నలభై ఏండ్లు మనం అడిగింది ఇదే. ఆ చర్చలకే మనం పోలేదు. అమెరికా పోలేదు, రష్యా పోలేదు, చైనా పోలేదు, పాకిస్తాన్ పోలేదు, మనం కూడా పోలేదు. బాంబులున్నవాళ్లంతా ఒక్క మాట మీద ఉన్న సందర్భం వెతికితే అదొక్కటి దొరుకుతుంది. తరుగు తియ్యొద్దని కొట్లాడిన రైతు, రేపు తానే మిల్లు పెట్టుకుంటే కాంటా సంగతి మరిచిపోతాడని మా ఊళ్లల్లో అంటుంటారు. ఆ మాట ఇక్కడ సరిపోయింది.

ఒక పక్కమాట. బాంబు ఢిల్లీ సంగతి, ఎడారి సంగతి అనుకుంటాం గానీ, మంథని ముందు నుంచి పారే గోదావరి కాళేశ్వరం దాటి కిందికి పోయి మణుగూరు కాడ భారజల కర్మాగారానికి నీళ్లిస్తుంది. మామూలు నీళ్లలో దాదాపు ఏడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటే బరువైంది ఉంటుంది. దాన్ని ఏరి తీయడమే అక్కడి పని. దానికి వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన కొట్టే విషవాయువు. కావలసిన ఆవిరి, కరెంటు బొగ్గుతో. ఆ భారజలం ఎక్కువగా కరెంటు తీసే రియాక్టర్లకు పోతుంది. హైదరాబాద్‌ మౌలాలిలో ఇంధన కడ్డీలు చేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. కడప తుమ్మలపల్లిలో యురేనియం గని ఉంది. నల్లమలలోని అమ్రాబాద్ అడవిలోనూ యురేనియం వెతుకుతామంటే 2019లో చెంచులు, వాళ్లతో పాటు తెలంగాణ అంతా వద్దంది. ఆ సెప్టెంబర్లో మన శాసనసభ తీర్మానం చేసింది. ఆ తీర్మానానికి నేనూ చప్పట్లు కొట్టాను. టీవీ ముందు బాంబుకూ చప్పట్లు కొట్టినవాళ్లను అప్పుడు ఒక్కమాట అడగాలనిపించింది: నల్లమల వద్దు, మరి ఎవరి అడవి?

ఇక లోకం సంగతి. ఇరాక్ దగ్గర సామూహిక వినాశ ఆయుధాలున్నాయని 2003లో యుద్ధం చేశారు, దొరకలేదు. ఉక్రెయిన్ తన నేల మీది సోవియట్ అణ్వాయుధాలు ఇచ్చేయడానికి ఒప్పుకొని, 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ల చేత హామీ కాగితం రాయించుకుంది. ఆ కాగితం ఏమైందో 2014లో, 2022లో చూశాం. 2022 ఫిబ్రవరి 27న రష్యా అధ్యక్షుడు తన అణు దళాలను ప్రత్యేక అప్రమత్తతలో పెట్టమని ఆదేశించాడు. ఉత్తర కొరియా ఎన్‌పీటీ నుంచి బయటికి పోయి బాంబు చేసుకుంది, దాని మీద ఎవరూ దాడి చేయలేదు. దీన్నుంచి చిన్న దేశాలు ఏం నేర్చుకుంటాయో చెప్పనక్కర లేదు. దక్షిణాఫ్రికా ఒక్కటే తాను చేసుకున్న ఆరు బాంబులను తానే విప్పేసి, 1993 మార్చిలో ఆ సంగతి లోకానికి చెప్పింది. ఆ దేశం పేరు మన చర్చల్లో ఎప్పుడైనా విన్నారా?

ఇరాన్ ముచ్చట మన ఇండ్లలోకే వచ్చింది కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి.

ఇరాన్ ఎన్‌పీటీలో ఉన్న దేశం. 2015లో ఆరు పెద్ద దేశాలతో ఒప్పందం చేసుకుంది, శుద్ధి చేసిన యురేనియం మీద హద్దులు ఒప్పుకుంది. పాటిస్తున్నదని ఇన్‌స్పెక్టర్లు రాశారు. 2018 మే 8న అమెరికా బయటికి పోయింది. తర్వాత ఇరాన్ హద్దులు దాటి 60 శాతం దాకా శుద్ధి చేసింది. అది కరెంటుకు అక్కరలేని శాతం, అందులో ఇరాన్‌ను సమర్థించేది ఏమీ లేదు. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ దాడి చేసింది. ఎన్‌పీటీలో లేని దేశం, తన బాంబుల లెక్క చెప్పని దేశం, ఎన్‌పీటీలో ఉన్న దేశం మీద బాంబు పేరు చెప్పి పడ్డది. జూన్ 22న అమెరికా ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ కేంద్రాల మీద వేసింది. ఇజ్రాయెల్ దాడిని ఖండిస్తూ షాంఘై సహకార సంస్థ ప్రకటన ఇస్తే, ఆ చర్చలో తాను పాల్గొనలేదని మన దేశం దూరం జరిగింది. వెన్న ఎవరికి, సున్నం ఎవరికి అన్నది ఇప్పుడు మన చేతి గిన్నెలోనూ ఉంది.

జూన్ 23 సాయంత్రం ఖతార్‌లోని అల్ ఉదైద్ అమెరికా స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు వదిలింది. ఖతార్ ఆకాశం మూసేశారు, విమానాలు దారి మళ్లాయి. ఆ రాత్రి మా వాడకట్టులో ఒక తల్లి అరుగు మీదనే కూర్చుంది. కొడుకు దోహాలో కట్టడం పనిలో ఉన్నాడు. ఫోన్ చేస్తే మోగుతున్నది, ఎత్తడం లేదు. ఆమెకు శుద్ధి శాతాలు తెలియవు, ఒప్పందాలు తెలియవు. ఫోన్ మీద కొడుకు ఫొటో గుండ్రంగా కనపడుతున్నది, కింద నీలి గీతలు రెండు పడతాయా అని చూస్తున్నది. పక్కింటామె చాయ్ తెచ్చి పెడితే అది తొరక కట్టిపోయింది. రాత్రి పదకొండు దాటినంక వాడు చేశాడు. క్యాంపు డాబా మీదికెక్కి ఆకాశంలో వెలుగులు వీడియో తీస్తున్నాడట. ఆమె తిట్టిన తిట్లు ఆకాశవాణిలో చెప్పేవి కావు.

మన కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన పిల్లలు లెక్కకు మిక్కిలి. ఇరాన్‌లోని బుషెహర్ అణు విద్యుత్ కేంద్రం ఆ గల్ఫ్ సముద్రం ఒడ్డునే ఉంది. అవతలి ఒడ్డు దేశాలు తాగే నీళ్లలో ఎక్కువ భాగం అదే సముద్రం నుంచి ఉప్పు తీసి వడగట్టినవి. ఎవరి బాంబు న్యాయమైనది, ఎవరిది కాదు అని స్టూడియోలో తేల్చుకునేలోపు, తాగే నీళ్ల బిందె దగ్గరికి వచ్చేది మన పిల్లలకు.

స్టూడియో అంటే గుర్తొచ్చింది. 2025 ఆగస్టులో పాకిస్తాన్ సైన్యాధిపతి అమెరికా గడ్డ మీద అణు బెదిరింపు మాటలు మాట్లాడాడని పేపర్లు రాశాయి. మన విదేశాంగ శాఖ గట్టిగానే ఖండించింది, కత్తి దూసి చూపడం ఆ దేశానికి అలవాటేనంది. బాగుంది. అదే రోజు రాత్రి మన టీవీల్లో ఇస్లామాబాద్‌ను ఎన్ని నిమిషాల్లో మాయం చేయొచ్చో పటాలు వేసి చూపించారు. ముందుగా ప్రయోగించం అన్నది 2003 జనవరి 4న ప్రకటించిన మన విధానం. 2019 ఆగస్టు 16న రక్షణమంత్రి పోఖ్రాన్‌లో నిలబడి, ఇప్పటిదాకా అదే, ముందు ముందు ఏమిటన్నది పరిస్థితిని బట్టి అన్నాడు. పాకిస్తాన్ అలాంటి మాట అంటే మనం దాన్ని ఏమంటాం?

ఈ పటాలు చూసే పిల్లలకు పేలుడు అంటే ఏమిటో తెలియదు. గోదావరిఖని వాళ్లకు కొంచెం తెలుసు. బొగ్గు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ చేస్తే ఇండ్లలో గిన్నెలు మోగుతాయి, గోడలు పగుళ్లిస్తాయి. హిరోషిమా మీద పడ్డ బాంబు బలం దాదాపు 15 వేల టన్నుల మందుగుండుకు సమానం. పది టన్నుల లారీలు 1,500 కావాలి. ఒక్కో లారీ పది మీటర్లనుకొని ఒకదాని వెనుక ఒకటి ఆపితే రాజీవ్ రహదారి మీద పదిహేను కిలోమీటర్లు. ఆ వరుసంతా ఒక్క క్షణంలో ఒక ఊరి మీద. 1945 చివరికి ఆ ఒక్క పట్నంలో చచ్చిపోయినవాళ్లు దాదాపు లక్షా నలభై వేలు. ఈనాటి బాంబుల ముందు అది చిన్నది. బతికి బయటపడ్డవాళ్లు పెట్టుకున్న సంఘం నిహోన్ హిదాంక్యో. 2024లో వాళ్లకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. వాళ్లు ఏనాడూ బాంబులకు మంచిది, చెడ్డది అని పేర్లు పెట్టలేదు.

ఈ లారీల లెక్క మా చుట్టపాయనకు చెప్పాను. కాసేపు ఆలోచించాడు. "బొగ్గుబాయిల మందు పేల్చేటప్పుడు ముందుగాల మనుషులను పక్కకు తీస్తం. ఈల ఊదుతం. అందరు జరిగిన్రా లేదా అని చూసి అప్పుడు షాట్ పెడ్తం. మరి వీళ్ల బాంబుకు పక్కకు జరిగే జాగ ఏడున్నదే?" అన్నాడు. నేను చదివిన అణు వ్యూహాల పుస్తకాల్లో ఈ ప్రశ్న ఇంత సూటిగా అడిగినవాళ్లు లేరు.

రేపు ఢిల్లీ మళ్లీ ఏదో ఒక సభలో ద్వంద్వ నీతి అని గొంతెత్తుతుంది. ఎత్తాలి. కానీ 2017 ఒప్పందం బల్ల మీద అట్లనే ఉంది, 2021 జనవరి 22 నుంచి అమల్లో ఉంది. కనీసం పరిశీలకులుగా పోయి కూర్చోమని అడగండి. సంతకం తర్వాత ముచ్చట. మీ ఎంపీ ఓట్లకు వచ్చినప్పుడు వడ్ల తరుగు సంగతి అడగండి, ఆ వెంటనే ఈ ఒక్క మాటా అడగండి. 1995లో హేగ్‌కు మనమే రాసి పంపిన ఆ కాగితం మీద ఇవాళ మళ్లీ సంతకం పెడతారా అని. అది పరాయివాళ్ల మాట కాదు, మంథని ఎమ్మెల్యేగా ఉన్న మనిషి ప్రధానిగా ఉన్నప్పుడు రాసిన మాట.

వచ్చే వైశాఖ పున్నమికి వీలుంటే పిల్లలను తీసుకొని ధూళికట్ట పోయి రండి. పున్నమి ఏ తేదీనో పంచాంగం చూసుకోండి, పేపర్లను నమ్మకండి. ఎండాకాలం, నీళ్ల సీసా వెంట పెట్టుకోండి.